మంచు మూసిన మూడు రోజులు

ఉయాంగకు చలి అంటే భయం లేదు. ఆమె భయమల్లా కాగితాలంటేనే.

మంగోలియాలో రాగి గనుల ఊరు ఎర్డెనెట్‌లో పుట్టి పెరిగిన పిల్ల. జనవరిలో అక్కడ ఉమ్మి నేల మీద పడేలోపే గడ్డ కడుతుందని పెద్దవాళ్లు అంటారు. అటువంటి చోటి నుంచి వచ్చినదానికి మిన్నెసోటా చలి ఒక లెక్కా? మొదటి శీతకాలం, వేడి దేశాల పిల్లలంతా కళ్లు మాత్రమే కనబడేలా చుట్టుకుని తిరుగుతుంటే ఆమె టోపీ చేత్తో పట్టుకుని నడిచేది. కానీ విదేశీ విద్యార్థుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందంటే చాలు, విప్పకముందే అరచేతులు చెమర్చేవి.

చేరిన రోజునే ఆ ఆఫీసువాళ్లు అందరికీ ఒక పసుపు కాగితం పంచారు. తీసుకున్న పాఠాలు తగ్గించుకోకూడదు. గది మారితే పది రోజుల్లోగా చెప్పాలి. కాలేజీ ఆవరణ దాటి ఎక్కడా పని చేయకూడదు. ఆవరణలోనైనా పాఠాలు నడిచే వారాల్లో ఇరవై గంటలు మించకూడదు, సెలవుల్లో నలభై దాకా చేసుకోవచ్చు. మిగతావాళ్లు ఆ కాగితాన్ని ఎక్కడెక్కడో పారేసుకున్నారు. ఉయాంగ దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి మంచం పక్క గోడకు అంటించుకుంది. పని గంటల గురించిన వాక్యం కింద పెన్సిల్‌తో రెండు గీతలు గీసింది. చదువు ఫీజు కాలేజీ మాఫీ చేసింది గానీ గది అద్దె, తిండి, పుస్తకాలు ఆ గంటల్లోంచే రావాలి.

పని భోజనశాలలో, గిన్నెల గదిలో. పిల్లలు తిని వదిలిన పళ్లేలు బెల్టు మీద ఒకదాని వెనక ఒకటి లోపలికి వస్తుంటాయి. ఒకరు మిగిలిన తిండి గీకి తొట్టిలో వేయాలి. ఇంకొకరు పళ్లేలను బుట్టలో నిలబెట్టి యంత్రంలోకి తోయాలి. ఉయాంగది గీకే పని. ఆవిరికి కళ్లద్దాలు మసకబారతాయి కనుక తీసి జేబులో పెట్టుకునేది. అవి లేకపోతే నాలుగడుగుల దూరంలో ఉన్నది మనిషో, తలుపో చెప్పలేదు. పళ్లేలకు అంత చూపు అక్కర్లేదు.

పక్కన బుట్టలు తోసేవాడు క్వాబెనా. ఘనా దేశస్థుడు, ముప్పై దాటినవాడు, ఎమ్మే చదువుతున్నాడు. ఒంటి చేత్తో రెండు బుట్టలు ఎత్తగలడు. నోటితో అంతకన్నా ఎక్కువే ఎత్తగలడు.

“ఏం చెల్లీ, ఎంతయింది ఈ వారం?” అని అడిగేవాడు, రోజూ పని మొదలుపెట్టగానే.

“ఈ పూటతో పదహారున్నర, అన్నా.”

“నావి పద్దెనిమిది. శనివారం రెండు గంటలు చేసి మూతి ముడుచుకుని కూర్చోవాలి. మా ఊళ్లో మేకను గుంజకి కడతారు. తాడెంతో మేత అంత. మన తాడు ఇరవై గంటలు.”

“మా దేశంలో మేకల్ని కట్టరు. వదిలేస్తారు.”

“అందుకే మీ మేకలు అమెరికా రాలేదు. నువ్వొచ్చావు.”

భోజనశాలకు పెద్ద డోరీన్. అరవైకి దగ్గరపడిన మనిషి, రెండు మోకాళ్లూ మార్పించుకుంది. అడుగు తీసి అడుగు వేస్తుంటే ఎక్కడ పడుతుందోనని చూసేవాళ్లకు గుబులు, ఆమెకు మాత్రం లేదు. ఉయాంగ పేరు నోరు తిరగడానికి ఆమెకు ఒక శీతకాలమంతా పట్టింది. అప్పటిదాకా ‘పిల్లా’ అనేది. పేరు వచ్చాక కూడా ఆ పిలుపు మానలేదు.

ఉయాంగ చదువు సరస్సుల మట్టి. సైన్సు భవనం నేలమాళిగలో ఒక చల్లగది ఉంది. ఆ ఊరి పక్క సరస్సు అడుగు నుంచి పొడవాటి గొట్టంలో తీసిన మట్టిని నిలువునా కోసి అందులో బల్ల మీద పరిచారు. ఎండాకాలానికి ఒక లేత చార, శీతకాలానికి ఒక నల్ల చార. రెండూ కలిస్తే ఒక సంవత్సరం. భూతద్దం కింద ఆ చారల్ని లెక్కపెట్టుకుంటూ పోవడం ఆమె పని. ఏ ఏడు కరువు, ఏ ఏడు అడవి కాలింది, అన్నీ మట్టే చెబుతుంది. మూడో ఏడు చదివే పిల్లకు అటువంటి పని ఇవ్వడం మామూలు సంగతి కాదు. ఏప్రిల్‌లో విద్యార్థులంతా తమ పనిని చదివి వినిపించే సభ ఉంది, అందులో ఆమె పేరు వేశారు. మరుసటేడు పట్టా. పట్టా చేతికొస్తే తిరిగి వెళ్లి ఉత్తరాన ఖోవ్‌స్‌గోల్ సరస్సు మట్టి తీయాలని ఆమె కోరిక. అమెరికాలో ఉండిపోదామని ఎన్నడూ అనుకోలేదు. పని ముగించుకుని పోవాలి, అంతే.

ఫిబ్రవరి చివరి వారంలో మంగళవారం సాయంత్రం మొదలైంది మంచు. బుధవారం తెల్లారేసరికి కిటికీల్లో సగం దాకా పేరుకుపోయింది. ఊరికీ కాలేజీకీ మధ్య దారి మూసేశారు. కాలేజీ మూసేసినట్టు అందరి ఫోన్లకూ కబురు వచ్చింది. మంచాల మీంచి లేవనవసరం లేదని వసతిగృహమంతా కేరింతలు కొట్టింది.

ఆరున్నరకు ఉయాంగ ఫోను మోగింది. డోరీన్.

“పిల్లా, లేచావా?”

“లేచాను. మీరెక్కడున్నారు?”

“రాత్రి ఆఫీసు సోఫా మీదే పడుకున్నా. నా నడుము నాది కాదిప్పుడు. విను, వంటవాళ్లలో ఒక్కడూ రాలేకపోయాడు. ఊళ్లో ఉన్నవాళ్లంతా ఇళ్లల్లోనే. ఆవరణలో ఎనిమిది వందల మంది పిల్లలున్నారు, ఇంకో గంటలో ఆకలంటూ వస్తారు. వసతిగృహాల్లో ఉన్న మనవాళ్లకి ఫోన్ చేస్తే ఒకడు ఎత్తలేదు, ఇంకోడు ఎత్తి గురక వినిపించాడు.”

“వస్తాను.”

“నడుం లోతు మంచు తల్లీ. నే బతిమాలట్లేదు.”

“మా ఊళ్లో దీన్ని మంచనరు, డోరీన్,” అంది ఉయాంగ, బూట్ల తాళ్లు కట్టుకుంటూనే.

ఆ మాట అన్నాక తన పసుపు కాగితం వైపు చూసింది. అప్పటికి ఆ వారం తొమ్మిది గంటలు చేసింది. ఎనిమిది వందల మందికి వండి పెట్టాలంటే ఈ పూటతో తేలే పని కాదు. అయితే కాలేజీ మూసేశారు కదా. ఎర్డెనెట్‌లో చలి మైనస్ నలభై దాటితే బళ్లు మూస్తారు, జ్వరాలు ప్రబలినా మూస్తారు. ఆ రోజుల్ని సర్కారే సెలవులని ప్రకటిస్తుంది. మూసిన బడికి సెలవు కాక మరేమిటి? క్రిస్మస్‌కు కాలేజీ ఇలాగే బోసిపోయినప్పుడు వారానికి నలభై చేసింది, ఎవరూ తప్పనలేదు. అయినా ఉండబట్టక విదేశీ విద్యార్థుల ఆఫీసుకు ఫోన్ చేసింది. ‘వాతావరణం కారణంగా కాలేజీ మూసి ఉన్నది. తెరిచాక సంప్రదించగలరు’ అని యంత్రం చెప్పింది. మూసి ఉన్నదని ఆఫీసే చెబుతోంది. ఉయాంగ మనసు కుదుటపడింది.

గోడల్ని పట్టుకుని నడిచి, ఐదు నిమిషాల దారి అరగంటలో చేరింది.

ఆ మూడు రోజులూ ఆమె గిన్నెలు కడగడమే కాదు, అన్నీ చేసింది. డోరీన్ పెద్ద పెద్ద పళ్లేల్లో మాంసం, బంగాళాదుంపలు పేర్చి పొయ్యిలోకి తోస్తుంటే ఆమె ఆ ప్రాంతపు సరస్సుల్లో పండే అడవి బియ్యంతో సూప్ కలియబెట్టేది. అది దించి, ఆవిర్లు కక్కే గంగాళం ముందు నిలబడి వరసగా గిన్నెల్లో పోసేది. వరస తరిగాక వెనక్కి వెళ్లి పళ్లేలు గీకేది. రెండో రోజు పిండి మిగిలితే తమవైపు చేసే మాంసం కుడుములు ‘బూజ్’ వంద చేసి ఆవిరికి పెట్టింది. డోరీన్ నిలబడే ఆరు తింది.

“ఇన్నాళ్లూ నిన్ను గిన్నెల గదిలో పెట్టినందుకు నన్ను ఉరి తీయాలి,” అంది నోటి నిండా పెట్టుకుని.

క్వాబెనా ఊళ్లో అద్దె గదిలో చిక్కుపడి ఉన్నాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

“బతికున్నావా చెల్లీ? నేను కిటికీ తెరిచా. తెరవడమే పాపం, లోపలికొచ్చి కూర్చుంది మంచు. నీ గంటలు చూసుకుంటున్నావా?”

“కాలేజీ మూశారుగా అన్నా, సెలవు.”

అటు పక్క మాట తెగిపోతోంది. “ఏంటి? వినపడట్లా,” అన్నాడు. ఫోను తెగిపోయింది. వరస పెరిగిపోతుంటే ఆమె మళ్లీ చేయలేదు.

శుక్రవారం సాయంత్రానికి దారులు తెరిచారు. బుధవారం పది, గురువారం పదకొండు, శుక్రవారం ఎనిమిది. ముందటి తొమ్మిదితో కలిపి ముప్పై ఎనిమిది. డోరీన్ శనివారం పొద్దున ఇంకో నాలుగు గంటలు రమ్మంది.

“రాలేను. నలభై దాటకూడదు,” అంది ఉయాంగ.

“రెండు గంటలకి దేశం మునిగిపోతుందా?”

“నేను మునిగిపోతాను.”

డోరీన్ నవ్వింది. ఉయాంగ కూడా నవ్వింది. అంత జాగ్రత్తగా ఉన్నందుకు లోపల కాస్త గర్వపడింది కూడా.

తర్వాతి వారం డోరీన్ భోజనశాల గుమ్మం పక్కన ఉయాంగ ఫోటో పెట్టించింది. ఏప్రన్ కట్టుకుని, గరిటె పట్టుకుని, కళ్లద్దాలు లేకుండా ఎటో చూస్తున్న ఫోటో. కింద ‘మంచులో మన కడుపు నింపిన పిల్ల’ అని రాయించింది. కాలేజీ వారపత్రిక నుంచి ఒక అమ్మాయి వచ్చి అడిగితే డోరీన్ వివరాలన్నీ చెప్పింది. ముప్పై ఎనిమిది గంటలని రెండుసార్లు చెప్పింది. గురువారం పత్రికలో ఆ అంకె ఉయాంగ పేరు పక్కనే అచ్చయింది.

వరసలో నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఆమెను పేరు పెట్టి పలకరించారు. రెండున్నరేళ్లలో అది మొదటిసారి. ఉయాంగ సిగ్గుతో తల దించుకుని, ఆ పత్రిక రెండు ప్రతులు తీసుకుంది. ఒకటి అక్క సోలొంగోకు.

పత్రిక చూసి మొహం మాడ్చినవాడు క్వాబెనా ఒక్కడే. బుట్ట తోయడం ఆపి, చేతులు తుడుచుకుని మళ్లీ చదివాడు.

“ఇదేంటి చెల్లీ?”

“ఫోన్లో చెప్పాను కదా. కాలేజీ మూశారు, సెలవని.”

“నాకు వినపళ్లేదు. సెలవని ఎవరు చెప్పారు? ఆఫీసువాళ్లా?”

“ఫోన్ చేశాను. మూసి ఉందని చెప్పింది యంత్రం.”

పళ్లేలు బెల్టు చివర ఒకదానికొకటి గుద్దుకుంటున్నాయి.

“వేరే వూళ్లో చదివేటప్పుడు నా స్నేహితుడొకడు ఉండేవాడు. మామూలు రోజుల్లోనే ఇరవై మూడు గంటలు చేశాడు, ఒకేఒక్క వారం,” అన్నాడు చివరికి.

“ఏమైంది?”

“ఇప్పుడు మా దేశంలో, అక్రాలో ఫోన్లు అమ్ముతున్నాడు.” తర్వాత, “ఆ ఫోటో పీకేద్దాం పద,” అన్నాడు.

“నేనేం తప్పు చేయలేదు అన్నా. రాసి ఉంది. గోడకి అంటించుకున్నాను.”

“సర్లే,” అన్నాడు అతను. ఆ పూటంతా మేకల ఊసు గాని మరో ఊసు గాని ఎత్తలేదు.

సోమవారం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వీలు చూసుకుని ఒకసారి రమ్మని, అంతే. అరచేతులు చెమర్చాయి గానీ, ఫోటో సంగతి విని మెచ్చుకోడానికేమో అన్న ఆశ కూడా ఆమెకు లేకపోలేదు. ఎందుకైనా మంచిదని గోడ మీది పసుపు కాగితం ఊడదీసి సంచిలో పెట్టుకుంది.

మిస్ ప్రూయిట్ ఆ ఆఫీసులో పదిహేనేళ్లుగా ఉంది. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. బల్ల మీద వారపత్రిక మడిచి ఉంది. దాని పక్కన పని గంటల పట్టీ, హాజరు యంత్రంలోంచి తీసింది.

“కూర్చో ఉయాంగా. ఇందులో రాసింది నిజమేనా?”

“నిజమే మేడమ్. కాలేజీ మూసిన రోజులు కదా, నలభై దాటకుండా చూసుకున్నాను.” ఉయాంగ పసుపు కాగితం తీసి, గీతలు గీసిన చోటు ఆమె వైపు తిప్పి పెట్టింది.

మిస్ ప్రూయిట్ ఆ రెండు పెన్సిల్ గీతల్నీ చాలాసేపు చూసింది.

“సెలవంటే ఏడాది ముందే క్యాలెండర్లో అచ్చు వేసిన సెలవు. చలికాలం సెలవు, వసంతం సెలవు, వేసవి. మంచు పడి తలుపులు వేసుకున్న రోజులు పాఠాలు నడిచే వారం కిందికే వస్తాయి.”

“పాఠాలు నడవలేదు మేడమ్.”

“నడవలేదు. కానీ వారం నడిచింది.”

“ఫోన్ చేశాను. బుధవారం పొద్దున. మూసి ఉందని చెప్పింది.”

“చేశావనే నమ్ముతున్నాను.” ఆమె గొంతు తగ్గింది. “ఆ మూడు రోజులూ నేనూ ఆవరణలోనే చిక్కుబడ్డాను, కారు మంచులో కూరుకుపోయి. గురువారం పొద్దున్నే నీ చేతి సూప్ తాగాను. థ్యాంక్స్ చెప్పాను నీకు. నువ్వు నన్ను గుర్తుపట్టలేదు.”

ఉయాంగ చెయ్యి అప్రయత్నంగా కళ్లద్దాల మీదికి పోయింది. ఆ గురువారం ఆవిరి వెనక నుంచి గిన్నె చాచిన చేతులన్నీ గుర్తు చేసుకోబోయింది. ఒక్క మొహమూ రాలేదు. అద్దాలు జేబులో ఉన్నాయి. బల్లకు అటూ ఇటూ నిలబడి, ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. ముందురోజు దాకా కలిపితే అప్పటికి పంతొమ్మిది గంటలే అయ్యాయి.

“మీరు అప్పుడే చెప్పాల్సింది మేడమ్,” అంది చాలా మెల్లగా.

“నువ్వు ఎన్ని గంటలు చేశావో నాకేం తెలుసమ్మా? సూప్ తాగుతూ లెక్కలడుగుతామా?”

ఆ తర్వాత మిస్ ప్రూయిట్ చెప్పాల్సినవన్నీ ఒక్కొక్కటిగా చెప్పింది. అనుమతి లేని పని కిందికి వస్తుంది కాబట్టి క్షమించమని అర్జీ పెట్టుకునే దారి లేదు. తెలిసీ ఈ సంగతి సర్కారుకు రాయకపోతే మొత్తం కాలేజీ విదేశీ పిల్లల్ని చేర్చుకునే అనుమతికే ముప్పు. రాయడానికి తనకు ఇరవై ఒక్క రోజుల గడువుంది. రాసిన రోజే ఉయాంగ చదువు అనుమతి రద్దవుతుంది, దేశం విడిచి పోవాలి.

“చివరి రోజు దాకా ఆగుతాను. నా చేతిలో ఉన్నది అదొక్కటే. పని మాత్రం ఇవాళే ఆపెయ్. ఒక్క నిమిషం కూడా చేయొద్దు.”

“మళ్లీ రావచ్చా?”

“అర్జీ పెట్టుకోవచ్చు. కొత్త కాగితాలు, కొత్త వీసా. ఇదివరకు ఎందుకు రద్దయిందని అడుగుతారు. ఇస్తారో లేదో నేను చెప్పలేను.”

లేచేటప్పుడు ఉయాంగ పసుపు కాగితాన్ని మళ్లీ కవరులో జాగ్రత్తగా పెట్టుకుంది. అది ఎందుకు పనికొస్తుందో ఆలోచించలేదు. చేతికి అలవాటు, అంతే.

మర్నాడు డోరీన్ ఏప్రన్ కూడా విప్పకుండా ఆ ఆఫీసుకు వెళ్లింది. ఆమె గొంతు వరండా చివరిదాకా వినబడింది.

“ఆ అంకె నేనే పెంచి చెప్పానని రాసుకోండి. నా నోరు పెద్దదని కాలేజీ అంతా తెలుసు.”

“యంత్రంలో ఉంది డోరీన్. కార్డు గీకినప్పుడల్లా నిమిషాలతో సహా ఉంది.”

“యంత్రం మంచులో వచ్చిందా? ఎనిమిది వందల మందికి పెట్టిందా? నన్ను తీసేయండి. పిలిచింది నేను.”

“మీమీద ఏ తప్పూ లేదు. మీరు ఎవర్నైనా పిలవచ్చు. రాకూడనిది తనే.”

డోరీన్ వెనుదిరిగింది. ముప్పై ఏళ్లుగా ఆ వంటింట్లో ఎన్నో తప్పులు చేసింది, వాటికి ఎప్పుడూ తనే తిట్లు తింది. తను చేసిన తప్పుకు ఇంకొకరు పోవడం ఆమె ఎరగదు. వచ్చి గుమ్మం పక్క ఫోటో పీకేసింది. గోడ రంగు కూడా పెచ్చు లేచి వచ్చింది.

అక్కకు ఫోన్ చేయడానికి ఉయాంగకు నాలుగు రోజులు పట్టింది. సోలొంగో రాగి ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తండ్రి గని లారీలతో ఎప్పుడూ దారి మీదే ఉంటే చెల్లెల్ని పెంచింది ఆమే. చెల్లెలు విమానమెక్కిన రోజున ఆనవాయితీ ప్రకారం గిన్నెలో పాలు తెచ్చి, చెంచాతో ఆకాశం వైపు చల్లి సాగనంపింది ఆమే.

“ఎవర్నైనా కొట్టావా?” అంది సోలొంగో, అంతా విని.

“లేదక్కా.”

“పరీక్షలో చూసి రాశావా?”

“లేదు. చెప్పాను కదా. గంటలు ఎక్కువ చేశాను.”

“ఏం చేశావు ఆ గంటల్లో?”

“సూప్ పోశాను. గిన్నెలు కడిగాను.”

అటు పక్క ఫ్యాక్టరీ బస్సు హారన్ మోగింది. సోలొంగో గొంతు తగ్గించి, “చూడు, నాన్నకి చెప్పన్లే. నాకు మాత్రం నిజం చెప్పు,” అంది.

ఉయాంగ మరోసారి మొదటి నుంచి చెప్పింది. మంచు, ఫోను, పసుపు కాగితం, క్యాలెండర్. చెబుతున్నకొద్దీ తనకే అది కట్టుకథలా వినబడింది. పత్రిక పంపిస్తానంది. అందులో ఉన్నవి పొగడ్తలే తప్ప పంపేయడానికి కారణం కాదని గుర్తొచ్చి ఆగిపోయింది.

“సరే. వచ్చెయ్,” అంది సోలొంగో. “ఎవరడిగినా ఏం చెప్పాలో నేను చూసుకుంటాను.”

అక్క నమ్మలేదని అప్పుడు అర్థమైంది ఉయాంగకు. తనను ఎంతో ప్రేమించే మనిషే నమ్మకపోతే వీసా కిటికీ వెనక కూర్చున్నవాడు నమ్ముతాడా? ఎర్డెనెట్‌లో మెట్ల మీద కూర్చుని మాట్లాడుకునే ఆడవాళ్లు నమ్ముతారా? గిన్నెలు కడిగినందుకు పంపేశారట అని చెబితే నవ్వుతారు. ఇంకేదో ఉందని ఎవరికి తోచింది వాళ్లు అల్లుకుంటారు. వెళ్లేవాళ్లకైతే పాలు చల్లుతారు. ఇలా తిరిగొచ్చేవాళ్లకు ఏం చేయాలో ఆనవాయితీలో లేదు.

మిగిలిన రోజులన్నీ ఆమె చల్లగదిలోనే గడిపింది. పని మానేశాక పొద్దంతా ఖాళీ. అంత తీరిక కోసం రెండున్నరేళ్లు మొహం వాచి ఉండింది, ఇప్పుడది చేదుగా దొరికింది. భూతద్దం మీద వంగి, లేత చార, నల్ల చార, గుండుసూది జరుపుకుంటూ పోయింది. రోజుకు ఇన్నని లెక్క పెట్టుకుని చేస్తే ఇరవై ఒకటో రోజుకు అడుగు తగులుతుందని అంచనా. పంతొమ్మిదో రోజున చారలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి, తేడా తెలియకుండా పోయాయి. కళ్లద్దాలు తుడుచుకుని చూసింది. రెండు చోట్ల తప్పు లెక్కపెట్టానేమోనని అనుమానం వచ్చి వెనక్కి వెళ్లింది. మళ్లీ ముందుకు రావడానికి రోజులు మిగల్లేదు.

మూడు వందల పదకొండు దగ్గర గుండుసూది గుచ్చి వదిలేసింది. పక్కన చీటీ మీద తన పేరు, ఆ అంకె రాసింది. ఆ అంకె ఎవరికీ అక్కర్లేదని ఆమెకు తెలుసు. ఒకరి లెక్క మీద ఇంకొకరు కొనసాగించడం ఈ పనిలో లేదు. వచ్చే ఏడు ఇంకెవరో వచ్చి గుండుసూది పీకి, మళ్లీ పైనుంచి ఒకటి, రెండు అని మొదలుపెడతారు. ప్రొఫెసరు చేయి కలిపి, చాలా చక్కగా చేశావన్నాడు. ఏప్రిల్ సభ పట్టికలోంచి పేరు తీయించడం మరిచిపోయానని చెప్పి, క్షమించమన్నాడు.

బయల్దేరే రోజు మధ్యాహ్నం భోజనానికి రమ్మని డోరీన్ కబురు పెట్టింది. ఉయాంగ భోజనం కార్డు అప్పటికే పని చేయడం మానేసింది. డోరీన్ తన పేరు మీద అతిథి చీటీ రాసి, గుమ్మం దగ్గర స్వయంగా చేతిలో పెట్టింది.

“కూర్చుని తిను. ఎప్పుడూ నిలబడే తిన్నావు,” అంది. వెంటనే లోపలికి వెళ్లిపోయింది.

అడవి బియ్యం సూప్ పెట్టారు. ఆమె సగం తిని, పళ్లెం పట్టుకుని బెల్టు దగ్గరికి వెళ్లింది. కిటికీలోంచి గిన్నెల గది కనబడుతోంది. ఆమె చోట ఒక కొత్త అమ్మాయి నిలబడి, మొదటి రోజు కాబోలు, ఒక్కో పళ్లేన్నీ ముట్టుకోవాలా వద్దా అన్నట్టు గీకుతోంది. పళ్లేలు పేరుకుపోతున్నాయి. ఒకటి అంచున ఊగుతోంది. ఉయాంగ చెయ్యి తనంతట తనే కిటికీలోంచి లోపలికి పోయి దాన్ని పట్టుకుంది, రెండో చేత్తో గీకుడు చెక్క కోసం తడిమింది.

“చెయ్యి తియ్యి చెల్లీ,” అన్నాడు క్వాబెనా. అరవలేదు. అతని కళ్లు మూలనున్న హాజరు యంత్రం మీదికి, దాని పైనున్న కెమెరా మీదికి పోయి వచ్చాయి. ఇంకో ఏడాదిన్నర చదువు ఉంది అతనికి.

“నా పళ్లెమైనా కడుక్కోనీ అన్నా.”

“నీదైనా సరే. వద్దు.”

ఆమె చెయ్యి తీసేసింది. అతను ఆమె పళ్లెం అందుకుని, మిగిలిన సూప్ తొట్టిలో వంపి, మిగతా పళ్లేలతోపాటు బుట్టలో నిలబెట్టి యంత్రంలోకి తోశాడు. తలుపు మూసుకుంది. లోపల నీళ్ల హోరు మొదలైంది. అవతలి పక్క అవి బయటికొచ్చేదాకా ఆమె కిటికీ దగ్గరే నిలబడింది. కళ్లద్దాలు పెట్టుకునే ఉంది. అయినా వాటిలో తనదేదో పోల్చుకోలేకపోయింది.